పాలు పడ్డాయా?

కాన్పు కబురు అందిన చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న 'ఎవరు పుట్టారు?' రెండోది 'నార్మలా, ఆపరేషనా?' ఈ రెండూ ఫోన్లో తేలిపోతాయి. మూడోది మాత్రం పళ్ల సంచీ పట్టుకుని నేరుగా మంచం దగ్గరికే వస్తుంది: 'పాలు పడ్డాయా?' అడిగేది మేనత్త కావచ్చు, పక్క గదిలోంచి చూడ్డానికి వచ్చిన ముక్కూమొహం తెలియని పెద్దావిడ కావచ్చు, గది ఊడ్చే ఆయమ్మ కావచ్చు. కుట్లు సలుపుతూ, రాత్రంతా కంటి మీద కునుకు లేని ఆ అమ్మాయి ఏం చెప్పాలి? 'పడ్డాయి' అంటే 'మరి చాలుతున్నాయా?' అంటారు. 'ఇంకా లేదు' అంటే గదిలో ఉన్న నలుగురూ నాలుగు రకాలుగా నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులు ముగిసేలోపే ఎవరో ఒకరు మెట్లు దిగి కింద మందుల షాపుకు వెళ్లి డబ్బా తెచ్చేస్తారు.

అక్కడితో ఒక నిర్ణయం జరిగిపోయింది. ఎవరు చేశారని అడగండి, ఎవరూ ఒప్పుకోరు. బిడ్డ ఏడుపు తట్టుకోలేక అమ్మమ్మ అంది, నర్సమ్మ తలూపింది, అల్లుడు వెళ్లి తెచ్చాడు. మంచం మీది అమ్మాయిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. కానీ ఆరు నెలలు పోయాక బిడ్డకు మాటిమాటికీ జలుబు చేస్తుంటే 'తల్లిపాలు లేని బిడ్డ కదా!' అనే మాట మాత్రం ఆమెకే తగులుతుంది. తల్లిపాల విషయంలో మన ఇళ్లలో, ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో జరుగుతున్నది ఇదే. నిర్ణయాలు పదిమందివి, పేరు మాత్రం తల్లిది.

ఆగస్టు మొదటి వారం వస్తే ఈ తంతు బాగా కనిపిస్తుంది. 1990 ఆగస్టు 1న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో వెలువడిన ప్రకటనకు గుర్తుగా 1992 నుంచి ప్రపంచమంతటా తల్లిపాల వారోత్సవాలు జరుగుతున్నాయి. మన దగ్గర ఫ్లెక్సీ కడతారు, జ్యోతి వెలిగిస్తారు, 'తల్లిపాలు అమృతం' అని వేదిక మీది పెద్దలు ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. ఎదురుగా కుర్చీల్లో అంగన్‌వాడీ టీచర్లు పిలుచుకొచ్చిన గర్భిణులు, బాలింతలు కూర్చుంటారు. ఆ కుర్చీల్లో భర్తలుండరు, అత్తలుండరు. ప్రైవేటు నర్సింగ్‌హోమ్ యజమాని ఉండడు. ఆఫీసులో సెలవు మంజూరు చేసే మేనేజరు అసలే ఉండడు. తల్లికి తెలియకనే పాలివ్వడం లేదన్నట్టు, తెలియజేస్తే చాలన్నట్టు ఏడాదికోసారి తల్లికే పాఠం చెబుతాం.

ముహూర్తం తర్వాతి గంట

బిడ్డ పుట్టిన గంటలోపు రొమ్ముకు పట్టించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతున్న మాట. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, మూడేళ్లలోపు పిల్లలున్న తల్లులను ఈ సంగతి అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 52 శాతం పిల్లలకు ఆ భాగ్యం దక్కింది. తెలంగాణలో 37.1 శాతానికే. ఇవేవో అడవిలో, మంత్రసాని చేతిలో జరిగిన కాన్పులు కావు. తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయని అదే సర్వే చెబుతోంది. డాక్టరు, నర్సు, బరువు తూచే యంత్రం, అన్నీ ఉన్నచోటే ప్రతి పదిమందిలో ఆరుగురు బిడ్డలకు తల్లి రొమ్ము సమయానికి అందలేదు.

కారణం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఆ సర్వే నాటికి దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులను విడిగా చూస్తే నూటికి ఎనభై దాటిపోయాయి. ఇందులో మన ప్రత్యేకత ఒకటుంది. పంతులుగారితో ముహూర్తం పెట్టించి, నక్షత్రం, పాదం, లగ్నం సరిచూసుకుని, ఫలానా గంటా నిమిషానికి కోత పెట్టమని డాక్టరమ్మను అడిగే కుటుంబాలు కొల్లలు. ఆపరేషన్ థియేటర్ బయట తాతయ్య వాచీ చూసుకుంటూ నిలబడతాడు. నిమిషం అటూ ఇటూ అయితే జాతకం మారిపోతుందన్న బెంగ. బిడ్డ బయటికొచ్చి ఏడ్చిన తర్వాతి గంట గురించి మాత్రం వాచీ చూసేవాడు లేడు. తల్లి ఒక గదిలో, బిడ్డ ఒక గదిలో. సాయంత్రం కలుస్తారు. ఒక్కోసారి మర్నాడు.

నడుముకు మత్తిచ్చి చేసే సిజేరియన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. కుట్లు వేయడం అయ్యాక ఒక మనిషి పక్కన నిలబడి బిడ్డను సరిగ్గా పట్టుకుంటే, తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నప్పుడు గంటలోపు పట్టించడం అసాధ్యమేమీ కాదు. కావలసింది ఆ ఒక్క మనిషి. చాలా నర్సింగ్‌హోముల్లో లేనిది కూడా ఆ మనిషే. బిల్లులో గది అద్దెకు, మందులకు, దూదికి కూడా పద్దు కనిపిస్తుంది కానీ పాలు పట్టించడం నేర్పే పనికి పద్దు ఎక్కడా కనిపించదు.

ఇలా ఖాళీగా మిగిలిన గంటల్లోకి ఏవేవో చొరబడతాయి. 'గొంతు తడుపుదాం' అంటూ ఒక చుక్క తేనె, ఓ చెంచా పంచదార నీళ్లు. ఆముదం ఇప్పుడు తగ్గింది గానీ పోలేదు. ఆరోగ్యం, మంచి గొంతు వస్తాయని గాడిద పాలు పట్టించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పాలవాళ్లు గాడిదను వీధుల వెంట తోలుకొచ్చి, కేకేసి, అప్పటికప్పుడు పిండి చిన్న గ్లాసులో పోసి అమ్ముతారు. లీటరు లెక్కన కట్టి చూస్తే ఏ పాలకూ అంత ధర ఉండదు. గాడిద పాలకు డబ్బులు తీసే చేతులే 'పసుప్పచ్చగా ఉన్నాయి, మంచివి కావు' అంటూ ముర్రుపాలను పిండి పారబోయించేవి. ఈ పారబోత ఇప్పుడు బాగా తగ్గిపోయింది. టీకా కార్డు పట్టుకుని ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తలకు ఈ ఒక్క విషయంలో దండం పెట్టాలి.

'నీకు పాలు చాలడం లేదమ్మా'

ప్రకృతి ఏర్పాటు చూస్తే ఈ కంగారంతా ఎంత అనవసరమో తెలుస్తుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలే. చిక్కగా, కొద్దిగా వస్తాయి. పుట్టిన రోజు బిడ్డ ఒక విడతకు తాగేది ఒకటి రెండు చెంచాలు. కడుపు అంతే ఉంటుంది మరి. తెల్లని పాలు ధారగా రావడం రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మొదలవుతుంది. సిజేరియన్ అయినవాళ్లకు, తొలికాన్పు వాళ్లకు ఇంకో రోజు ఆలస్యం కావచ్చు. ఈలోపు బిడ్డ పుట్టిన బరువులో కొంత తగ్గుతుంది. ఏడు నుంచి పది శాతం దాకా తగ్గినా రెండు వారాలు తిరిగేసరికి మళ్లీ పుంజుకుంటుంది. అందరి విషయంలో ఇంచుమించు ఇలాగే జరుగుతుంది. ఈ సంగతి బాలింతకు కాన్పుకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే మూడో రోజున బరువు తూచి 'రెండొందల గ్రాములు తగ్గిందట!' అని గుసగుసలాడేవాళ్ల ముందు ఆమె బెంబేలెత్తేది కాదు.

చెప్పరు కాబట్టి ఏం జరుగుతుంది? రెండో రోజు రాత్రి బిడ్డ ఆగకుండా ఏడుస్తుంది. ఆ వయసు బిడ్డ మాటిమాటికీ రొమ్ము వెతుక్కోవడం మామూలే, అలా చప్పరించడమే పాలను తెప్పిస్తుంది. రొమ్ము ఎన్నిసార్లు ఖాళీ అయితే శరీరం అన్ని పాలు తయారుచేస్తుంది. ఇది లెక్క. కానీ గదిలో ఉన్నవాళ్లకు వినిపించేది ఆకలి. డబ్బా పాలు ముప్పై మిల్లీలీటర్లు కలిపి పట్టిస్తారు. బిడ్డ గాఢంగా నిద్రపోతుంది. 'చూశావా, ఆకలితోనే ఏడ్చింది' అంటారు. బిడ్డ నిద్రపోయిన ఆ మూడు గంటలూ రొమ్ము ఖాళీ కాదు, ఖాళీ కాలేదు కనుక శరీరం తయారీ తగ్గించుకుంటుంది. మర్నాడు నిజంగానే పాలు తగ్గుతాయి. ఇంకో అరవై మిల్లీలీటర్లు కలుపుతారు. వారం తిరిగేసరికి పాలపీకకు అలవాటుపడ్డ బిడ్డ రొమ్ము పట్టదు. 'మేం మొదటే చెప్పాం, నీకు పాలు లేవని' అంటారు. చెప్పి చెప్పి నిజం చేశారు!

అందులోనూ పాలు రావడానికి మనసు కూడా కుదురుకోవాలి. దూడ వచ్చి కుమ్మితే తప్ప ఆవు చేపదని పాడి ఉన్న ప్రతి ఇంట్లో తెలుసు, బెదిరిన ఆవు పాలు ఎగచేపుతుందనీ తెలుసు. ఆడమనిషి శరీరమూ అంతే. పాలను బయటికి నెట్టే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ నొప్పికీ భయానికీ సిగ్గుకీ వెనక్కి తగ్గుతుంది. కొష్టంలోకి కొత్తవాళ్లను రానివ్వని ఇంటివాళ్లే బాలింత గదిలోకి మాత్రం వరసపెట్టి జనాన్ని పంపిస్తారు. వచ్చినవాళ్లు రొమ్ము చిన్నదంటారు, పాలు పల్చనంటారు, 'వాళ్లమ్మకూ లేవులే' అని వంశం దాకా వెళతారు. రొమ్ము పరిమాణానికీ పాలకూ పొత్తు లేదు. పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు చూసేది రెండే: ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఒంటికి పోస్తోందా, రెండు వారాల తర్వాత బరువు పెరుగుతోందా. ఏడుపు కొలమానం కాదు. ఏడవడం చంటిబిడ్డ ఉద్యోగం.

నీళ్లివ్వరు, పాలివ్వమంటారు

పుట్టింటి కాన్పు మన ఆచారాల్లో మంచిది. నా మాట కాదు, కన్న ప్రతి ఆడదాని మాట. మూడు నెలలో ఐదు నెలలో అమ్మ చేతి వంట, నలుగు పెట్టి పోసే వేడినీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ, పగటి పూట కాస్త నిద్ర. పాలు పడటానికి వీటికి మించిన మందు లేదు. గోదావరి జిల్లాల్లో వెల్లుల్లి దట్టించిన తెలగపిండి కూర, సముద్రం ఒడ్డున పాలసొర పుట్టు, ఇంకోచోట మునగాకు, మెంతులు, పచ్చి బొప్పాయి కూర. వీటివల్ల పాలు పెరుగుతాయని శాస్త్రం గట్టిగా తేల్చలేదు. అయితేనేం, బాలింత కడుపునిండా తింటుంది. తనకోసం ఒకరు పొయ్యి దగ్గర నిలబడ్డారన్న ధైర్యమైనా దొరుకుతుంది.

చిక్కల్లా అదే పథ్యం మరో చేత్తో తీసుకునే వాటితో. 'నీళ్లు తాగితే పొట్ట జారుతుంది, కుట్లు చీము పడతాయి, బిడ్డకు జలుబు చేస్తుంది' అని గుటకలు లెక్కపెట్టి ఇస్తారు. పాలు తాగించేటప్పుడు గొంతెండిపోతుంది, పాలిచ్చిన ఎవరినైనా అడగండి. పళ్లు చలవ, పప్పు వాతం, పెరుగు కఫం. మిగిలింది కారప్పొడి అన్నం. ముందు తిండి కట్టేసి, తర్వాత 'దాని ఒంట్లో ఏముంది పాలు రావడానికి' అంటారు.

ఈ మాటలనేది అత్తగారనే అనుకుంటాం. సినిమాలు అలా నేర్పాయి. పాల విషయంలో మాత్రం ఎక్కువగా మాట పడేది కన్నతల్లి దగ్గరే, ఎందుకంటే ఆ రోజుల్లో దగ్గరుండేది ఆవిడే. ఆవిడ భయమూ అర్థం చేసుకోదగ్గదే. తన చేతుల్లో ఉండగా మనవడు చిక్కిపోతే రేపు వియ్యాలవారి ముందు తల ఎత్తుకోవాలి. బారసాల నాటికి బిడ్డ బొద్దుగా కనిపించాలి. ఆ బొద్దుతనం కోసమే డబ్బా. 1970ల్లో, 80ల్లో పట్నాల్లో పిల్లల్ని కన్న అమ్మమ్మలకు డబ్బా పాలంటే కలిగినవాళ్ల లక్షణం కూడాను. అప్పటి ప్రకటనల్లోని బుగ్గల బాబు వాళ్ల మనసుల్లో ఇంకా చెరిగిపోలేదు.

బొమ్మ లేని డబ్బా

ఆ బుగ్గల బాబును డబ్బా మీంచి చట్టమే తీసేసింది. పేద దేశాల్లో పాలపొడి అమ్మకాల వల్ల పిల్లలు చనిపోతున్నారని 1974లో 'వార్ ఆన్ వాంట్' అనే బ్రిటిష్ సంస్థ ఒక చిన్న పుస్తకం వేసింది. మురికినీళ్లలో, కొలత లేకుండా, పొదుపు కోసం పల్చగా కలిపిన పొడి విషమైందన్నది దాని సారాంశం. 1977లో అమెరికాలో నెస్లే వస్తువుల బహిష్కరణ మొదలైంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి అమ్మకాలకు ఒక నియమావళి చేసింది. మన దేశం దాన్ని 1992లో చట్టం చేసి, 2003లో ఇంకా బిగించింది. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి, ఆహారానికి, పాలసీసాలకు ప్రకటనలివ్వకూడదు. నమూనా డబ్బాలు ఉచితంగా పంచకూడదు. పాలపొడి డబ్బా మీద బిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ వేయకూడదు. డాక్టర్లకు, వాళ్ల సంఘాలకు కానుకలు, సదస్సుల ఖర్చులు ఇవ్వకూడదు. ప్రపంచంలో గట్టి చట్టాల లెక్కలో మన చట్టం ముందు వరసలోనే ఉంటుంది.

అందుకే మన టీవీలో రెండేళ్లలోపు పిల్లల పాలపొడి ప్రకటన కనబడదు. కనబడకపోయినా కాన్పుల ఆస్పత్రి పక్కన మందుల షాపులో ఆ డబ్బా చేతికందే అరలోనే ఉంటుంది. దానికి ప్రకటన అక్కర్లేదు. డిశ్చార్జి చీటీ మీద దాని పేరు రాస్తే చాలు, అంతకు మించిన ప్రకటన ఏముంది? చీటీ మీద రాసింది మందే అనుకుంటారు ఇంటికెళ్లినవాళ్లు.

దాచుకుని కలిపే పాలు

ఇంత చెప్పాక ఒక మాట తిన్నగా చెప్పాలి. పాలు నిజంగా రాని తల్లులుంటారు. తక్కువమందే, కానీ ఉంటారు. కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లు, థైరాయిడ్ అదుపులో లేనివాళ్లు, రొమ్ముకు ఆపరేషన్ అయినవాళ్లు, పాలగ్రంథులు సరిగ్గా ఎదగనివాళ్లు. కేన్సర్ మందులు వాడుతున్నవాళ్లు ఇవ్వకూడదు. చనుమొనలు పగిలి, రొమ్ము గడ్డకట్టి, జ్వరం వచ్చి, ఇక నావల్ల కాదని మానేసినవాళ్లుంటారు. కాన్పు తర్వాత మనసు కుంగిపోయి, రాత్రి నిద్ర దొరికితే తప్ప మనిషిగా మిగలలేని స్థితిలో మానేసినవాళ్లుంటారు. ఏ కారణమూ చెప్పకుండా, నాకు ఇష్టం లేదని మానేసే ఆడమనిషీ ఉంటుంది. ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదన్నది నా మతం.

వీళ్లకు ఇప్పుడు కొత్త అత్తగారు ఒకరు తయారయ్యారు: చేతిలోని ఫోను. నార్మల్ కాన్పు, ఆరు నెలలూ అచ్చంగా తల్లిపాలు, ఏడో నెలలో రాగిజావ, అన్నీ నవ్వుతూ చేసేసిన తల్లుల వీడియోలు అందులో వరసగా వస్తాయి. అవి చూస్తూ సీసా కడుక్కునే అమ్మాయి తనను తాను ఏమనుకుంటుందో చెప్పనక్కర్లేదు. డబ్బాను బీరువాలో చీరల వెనక దాచిపెట్టి, చుట్టాలు వెళ్లాక కలిపే తల్లులున్నారు. పిల్లల డాక్టరు దగ్గర కూడా 'తల్లిపాలేనండీ' అని అబద్ధమాడతారు.

ఈ సిగ్గు బిడ్డకే ముప్పు. డాక్టరుకు చెప్పుకోని తల్లికి ఎలా కలపాలో చెప్పేవాళ్లెవరు? మరగకాచిన నీళ్లు ఎన్ని, చెంచా ఎంత, సీసా ఎలా ఉడకబెట్టాలి, కలిపి మిగిలినవి ఎంతసేపట్లో పారబోయాలి? డబ్బా నెలాఖరు దాకా రావాలని అరచెంచా తగ్గించి కలిపితే బిడ్డ నెమ్మదిగా నీరసిస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు గేదెపాలు నీళ్లు కలిపి పట్టించడం ఇంకా పెద్ద తప్పు. తల్లిపాలు కుదరని తల్లికి ఆరోగ్య కార్యకర్త కలిపే పద్ధతి చూపించవచ్చని, తప్పుగా వాడితే వచ్చే ప్రమాదాలు కూడా వివరించాలని ఆ 1992 చట్టమే చెబుతోంది. గోడ మీది పోస్టరులో మాత్రం ఆ తల్లికి చోటు లేదు. 'అమృతం' అని రాసిన చోట అమృతం లేనిదాని గతేమిటో ఎవరూ రాయరు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఇంకో దారి ఉంది. హైదరాబాద్ నిలోఫర్ ఆస్పత్రిలో 2017 నుంచి 'ధాత్రి' పేరుతో తల్లిపాల బ్యాంకు నడుస్తోంది. ఎక్కువ పాలున్న తల్లులు ఇచ్చినవాటిని పరీక్షించి, వేడిచేసి, గడ్డకట్టించి, ఐసీయూలో ఉన్న పసికందులకు వాడతారు. దేశంలో మొదటిది ముంబయి సయన్ ఆస్పత్రిలో 1989లోనే వచ్చింది. ఇక్కడా ఇంటి మాట అడ్డొస్తుంది. 'మన బిడ్డ పాలు పరాయివాళ్లకా, దిష్టి తగలదూ?' అంటారు. పక్కింటి బిడ్డకు పాలిచ్చి బతికించిన ముత్తవ్వలు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లన్న సంగతి మరిచిపోయాం. ముస్లిం కుటుంబాల సందేహం వేరు. పాలు పంచుకున్న పిల్లలు అన్నాచెల్లెళ్లవుతారు, వాళ్ల మధ్య పెళ్లి కూడదు. ఆ సందేహానికి మర్యాదగా జవాబు చెప్పాల్సిందే. ఈ పాలను వ్యాపారం చేయబోయినవాళ్లూ ఉన్నారు. అమ్మకం చెల్లదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 మేలో తేల్చి చెప్పింది.

రోజుకు ఇరవై ఎనిమిది రూపాయలు

ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దన్నది సలహా. ఆ ఆరు నెలలు ఎవరు గడుపుతారు? 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. లెక్కకు ఆరు నెలలు సరిపోయినట్టే ఉంది. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. డాక్టరు ముందుగానే మంచం దిగొద్దంటే బిడ్డకు మిగిలేవి నాలుగు నెలలు. అందుకే నొప్పులొచ్చే రోజు దాకా ఆఫీసుకు వెళ్లే అమ్మాయిలు హైటెక్ సిటీ నిండా కనిపిస్తారు. యాభై మంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు తల్లిని వెళ్లి బిడ్డను చూడనివ్వాలి. కాగితం మీద ఉంది. పాలు పిండుకోవడానికి బాత్‌రూము తప్ప చోటు లేని ఆఫీసులు, మీటింగు మధ్యలో జాకెట్టు తడిసి దుపట్టా సర్దుకునే ఆడవాళ్లు కాగితం బయట ఉన్నారు.

ఇది జీతం రాళ్లున్నవాళ్ల సంగతి. ఖమ్మం, గుంటూరు చేలల్లో మిరపకాయలు కోసే కూలీకి, నిజామాబాద్‌లో బీడీలు చుట్టే మనిషికి, ఇటుక బట్టీలో పనికి, నాలుగిళ్లలో అంట్లు తోమే పనికి ప్రసూతి సెలవు దక్కదు. కేంద్రం మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు ప్రకటించింది రూ.5,000. ఆరు నెలలకు పంచితే రోజుకు ఇరవై ఎనిమిది రూపాయలు కూడా పడదు. ఆ డబ్బుకు ఇల్లు గడవదని తెలిసీ బిడ్డను వదిలి పనికి ఎందుకెళ్లావని అడగడం వెటకారం అవుతుంది. బీడీలు చుట్టే తల్లి బిడ్డను ఒళ్లో వేసుకునే పని చేయగలదు, పొగాకు దుమ్ము ఇద్దరూ పీలుస్తారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలది ఇంకో రకం అవస్థ. అక్కడ దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు లేదు. 1993 చట్టం ఇచ్చేది పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా, యాభై మందికి తగ్గని కంపెనీల్లో. మరోవైపు పాలు పిండే పంపు బీమాలోనే వస్తుంది, ఆఫీసులో పిండుకోవడానికి బాత్‌రూము కాని గది ఇచ్చి తీరాలని చట్టముంది, 2022లో దాన్ని మరింతమందికి వర్తింపజేశారు. బిడ్డతో ఉండే రోజులు తక్కువ, యంత్రంతో ఉండే ఏర్పాట్లు ఎక్కువ. శొంఠిపొడి, కాయం సూట్‌కేసులో పెట్టుకుని విజిటర్ వీసా మీద వెళ్లిన అమ్మ, ఆమె గడువు తీరాక దిగే అత్తగారు, ఫ్రిజ్ లోని పాల సంచుల మీద తేదీలు చదువుకుని వెచ్చచేసి ఇవ్వడం నేర్చుకున్నారు. 'ఫ్రిజ్ లో పెట్టిన చన్నుపాలా!' అని మొదటి రోజు ముక్కున వేలేసుకున్నవాళ్లే.

కొంగు చాటు

పల్లెవెలుగు బస్సులో పక్క సీటు ఆవిడ కొంగు లాగి బిడ్డకు పాలిస్తుంటే ఎవరూ తల తిప్పి చూడని రోజులు చాలామందికి గుర్తే. ఇప్పుడూ అడ్డా మీది కూలీ తల్లిని ఎవరూ చూడరు, చూసినా ఆమె లెక్కచేయదు. చదువుకున్న అమ్మాయి మాత్రం గుడిలో, పెళ్లిలో, రైల్లో గోడవైపు తిరగాల్సి వస్తోంది. చీరకున్న సదుపాయం కుర్తాకు లేకపోవడం ఒక కారణమైతే, చేతికో కెమెరా ఉండటం రెండోది. 2018 మార్చిలో మలయాళ పక్షపత్రిక 'గృహలక్ష్మి' బిడ్డకు పాలిస్తున్న స్త్రీ ఫొటోను ముఖచిత్రంగా వేస్తే కోర్టుకు లాగారు. కేరళ హైకోర్టు అందులో అసభ్యత ఏమీ లేదంది. అదే ఫొటో మన తెలుగు పత్రిక ముఖచిత్రంగా వేస్తే వచ్చే ఉత్తరాలను ఊహించుకోగలను.

బహిరంగ ప్రదేశాల్లో పాలిచ్చే గదులుండాలన్న వ్యాజ్యంలో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పాలివ్వడాన్ని చిన్నచూపు చూడకూడదని చెప్పి, గదులు కట్టే బాధ్యత రాష్ట్రాలకు గుర్తుచేసింది. తమిళనాడు 2015లోనే బస్టాండ్లలో ఈ పని మొదలుపెట్టింది. మన పెద్ద బస్టాండ్లలోనూ ఇలాంటి గదులున్నాయి. గదులు కావాలి. గది కట్టాం కదా అని బల్ల మీద కూర్చుని పాలిచ్చే తల్లిని 'లోపలికెళ్లు' అనకుండా ఉండటం కూడా కావాలి.

ఇంకా ఇస్తున్నావా?

ఏడాది దాటగానే ప్రశ్న తిరగబడుతుంది. 'పాలు పడ్డాయా' అన్న నోళ్లే 'ఇంకా ఇస్తున్నావా, మాన్పించెయ్' అంటాయి. వేపాకు నూరి చనుమొనకు రాయమంటారు. రెండేళ్లు, తల్లికీ బిడ్డకూ ఇష్టమైతే ఆపైనా ఇవ్వవచ్చన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఖురాన్‌లోనూ రెండేళ్ల ప్రస్తావన ఉంది. ఇక్కడ మాత్రం బిడ్డ ఆడా మగా అన్నదాన్ని బట్టి సలహా మారుతుంది.

సీమా జయచంద్రన్, ఇల్యానా కుజియెంకో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశపు కుటుంబ ఆరోగ్య సర్వేలను తిరగేసి 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆడపిల్లలకు మగపిల్లల కన్నా ముందే పాలు మాన్పిస్తున్నారని అందులో తేలింది. ఆడపిల్లంటే పడకపోవడం ఒక్కటే దానికి కారణం కాదు. పాలిస్తున్నంత కాలం మళ్లీ నెల తప్పడం ఆలస్యమవుతుంది. కొడుకు కోసం ఆత్రపడే ఇంట్లో కూతురి పాలు ఆపితే తర్వాతి కాన్పు త్వరగా వస్తుంది. పైన అన్న ఉన్నవాడి విషయంలో ఈ తొందర ఉండదు, వాడు తాగినన్నాళ్లు తాగుతాడు. ఏణ్ణర్థానికే వేపాకు చేదు తగిలిన ఆ పిల్లకు పాలెవరు మాన్పించారని ఇంట్లో అడిగి చూడండి. అందరూ వాళ్లమ్మనే చూపిస్తారు.